‘మీ మంచికే చెప్తున్నా బాబాయ్’

2023 జూన్‌లో ఒక సోమవారం పొద్దున షిఫ్టు మారే వేళకి మా గ్రానైటు ఫ్యాక్టరీ మేనేజరు నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఇరవై రెండేళ్లలో ఆ గదిలో నన్ను కూర్చోమనడం అదే మొదలు. మంచినీళ్లు తెప్పించాడు. నా కొడుకు కంటే ఓ నాలుగేళ్లు పెద్దవాడేమో. ‘మీ మంచికే చెప్తున్నా బాబాయ్. వినపడక మిషన్ దగ్గర మీకేమన్నా అయితే రేపు పిన్నికి మేమేం చెప్పాల? ఇంటికాడ హాయిగా ఉండండి. సారు లక్ష రూపాయలు సాయం చేస్తానన్నారు’ అన్నాడు. నేను కుడిచెవి అటు తిప్పి విన్నాను. సగం మాటలు చెవితోనూ సగం అతని పెదాలు చూసీ అర్థం చేసుకున్నాను. బల్ల మీద అప్పటికే టైపు చేసిన కాగితం ఉంది. ‘అనారోగ్య కారణాల వల్ల నా ఇష్టపూర్వకంగా రాజీనామా చేయుచున్నాను’ అని ఉంది. సంతకం పెట్టాను.

ఎందుకు పెట్టావని ఆ తర్వాత చాలామంది అడిగారు. మా ఇంటావిడ ఆ రాత్రంతా అడిగింది. నా దగ్గరున్న జవాబు ఒక్కటే. అతను నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తిరగబడేవాణ్ణి, యూనియన్ వాళ్ల దగ్గరికి పోయేవాణ్ణి. అతను నా మీద జాలిపడ్డాడు, బాబాయ్ అన్నాడు, మా ఇంటావిణ్ణి పిన్ని అన్నాడు. వరస కలిపి మాట్లాడేవాడి మొహాన కాగితం విసిరేయడం మా పెంపకంలో లేదు. పొమ్మనలేక పొగబెట్టడం అంటే కళ్లు మండాలి గదా. నాకు మండలేదు. అది పొగ అని తెలుసుకోవడానికి నాలుగు రోజులు పట్టింది.

మా ప్రకాశం జిల్లాలో వయసు మీదపడిందనో, ఒంట్లో ఒక భాగం పనిచేయడం లేదనో మనిషిని పనిలోంచి తీసేటప్పుడు అది వివక్షలా కనపడదు. దయలా కనపడుతుంది. ఆ దయకి తలవంచి మనం వదులుకుంటున్నది మనకి రావలసిన బాకీ. నేను చెప్పదలుచుకున్నది ఇదే. చట్టంలో మనకి ఏముందో, ఏం లేదో నేను సంతకం పెట్టిన తర్వాతే నేర్చుకున్నాను. ఇంకొకరు సంతకానికి ముందే తెలుసుకోవాలని రాస్తున్నాను.

చీమకుర్తి వైపు వాళ్లకి గ్యాంగ్‌సా అంటే చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి చెప్తాను. రామతీర్థం దగ్గర క్వారీల్లో దొరికే నల్లరాయిలో బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. బ్లాక్ గెలాక్సీ అని దానికి దేశదేశాల్లో పేరు. లారీల్లో వచ్చిన ఆ బ్లాకుని పలకలుగా కోసేది గ్యాంగ్‌సా. వరసగా బిగించిన ఉక్కు బ్లేడ్లు ఉయ్యాలలాగా ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి. పైనుంచి ఉక్కు గుండ్లు, సున్నం, నీళ్లు కలిసిన బురద పడుతూ ఉంటుంది. ఒక బ్లాకు తెగడానికి రోజులు పడుతుంది. పగలూ రాత్రీ ఆగదు. ఆ షెడ్డులో పక్కవాడితో మాట్లాడాలంటే చెవిలో నోరుపెట్టి అరవాలి, లేదంటే చేతి సైగలే. ఫ్యాక్టరీ నియమాల ప్రకారం 8 గంటల షిఫ్టులో శబ్దం 90 డెసిబెల్స్ దాటకూడదట. నేనున్న ఇరవై రెండేళ్లలో ఆ షెడ్డులోకి శబ్దం కొలిచే పరికరం తెచ్చినవాళ్లని నేను చూడలేదు. చెవుల్లో పెట్టుకునేవి ఒకసారి ఇచ్చారు, మాసిపోయాక మళ్లీ ఇవ్వలేదు. 2001లో హెల్పరుగా చేరాను. తర్వాత ఆపరేటర్ని అయ్యాను.

వినికిడి ఒక్కసారిగా పోదు. ముందు పిచ్చుకల కూతలు పోయాయి. అవి లేకుండా పోయాయనుకున్నానే గాని నాకు వినపడటం లేదనుకోలేదు. తర్వాత మనవరాలి మాటలు. గొంతు వినపడుతుంది, ఏమంటుందో తెలియదు. స, శ, త, ప అన్నీ ఒకే గాలిలా ఉంటాయి. నవ్వితే నవ్వుతాను, అంతే. ఒంగోల్లో పరీక్ష చేసిన డాక్టరమ్మ గ్రాఫు కాగితం చూపించింది. గీత 4000 హెర్ట్జ్ దగ్గర, అంటే సన్నటి శబ్దాల దగ్గర, గుంటలో దిగినట్టు పడిపోయి ఉంది. ‘ఏం పని చేస్తారు మీరు?’ అని అడిగిందావిడ. చెప్పాను. ‘ఇది వయసు వల్ల వచ్చింది కాదు, చప్పుడు వల్ల వచ్చింది. చప్పుడుతో పోయిన చెవికి గుర్తు ఈ గుంటే’ అంది.

నా చెవులు ఆ షెడ్డులోనే పోయాయి. ఆ షెడ్డే నన్ను చెవులు లేవని పంపేసింది. కాగితంలో మాత్రం ‘అనారోగ్యం’ అని ఉంది, ఎవరికో పుట్టుకతో వచ్చిన జబ్బు లాగా.

ఆ మాట ఊరికే పడలేదని మా బావమరిది కొడుకు చెప్పాడు. ఒంగోల్లో వకీలు దగ్గర జూనియర్‌గా ఉన్నాడు. అప్పుడు అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం ఏడాది పైన పనిచేసిన కార్మికుణ్ణి తీసేయాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేకపోతే నెల జీతం కట్టాలి. దానిమీద పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల జీతం పరిహారం. కానీ తనంతట తాను మానేసినా, దీర్ఘకాలిక అనారోగ్యం వల్ల తీసేసినా అది ఆ లెక్కలోకి రాదు. ‘చూడు మామా, నీ కాగితంలో రెండూ రాసిపెట్టారు. ఒకటి తప్పినా ఇంకోటి పట్టుకోవచ్చని’ అన్నాడు. ఇంకో సంగతీ పట్టుకున్నాడు. 2019 నుంచి నా జీతం చీటీలో ‘సూపర్‌వైజర్’ అని ఉంది. నాకప్పుడు గొప్పగా అనిపించింది, ఇంట్లో చూపించాను కూడా. సూపర్‌వైజర్‌కి జీతం ఒక పరిమితి దాటితే చట్టం దృష్టిలో అతను కార్మికుడు కాదు. నేను చేసింది మాత్రం ముందు చేసిన మిషన్ పనే. పేరు ఏదైనా అసలు చేసే పనేమిటన్నదే కోర్టులు చూస్తాయి. అయినా ఆ మాట నిరూపించాల్సింది మనమే.

తర్వాత గ్రాట్యుటీ లెక్క వేశాడు. నా చివరి జీతం, బేసిక్, డీఏ కలిపి 18,200. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే 10,500. ఇరవై రెండేళ్లకి 2,31,000. ఇది 1972 చట్టం కింద నాకు రావలసిన బాకీ. అయిదేళ్లు నిండిన ఎవరికైనా, రాజీనామా చేసి పోయినవాడికైనా రావలసిందే. అంటే సారు ‘సాయం’ చేస్తానన్న లక్ష నా సొమ్ములో సగం కూడా కాదు. ఆ రోజు ఆ లక్ష చెక్కు తీసుకుని నేను ఆయనకి రెండు చేతులెత్తి దండం పెట్టాను. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

వయసు సంగతి మా ఇంట్లో నాకంటే ముందే ఒకసారి వచ్చింది. మా నాయన తాలూకా ఆఫీసులో గుమాస్తా. 1983 ఫిబ్రవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసు 58 నుంచి 55కి తగ్గించింది. ఆ నెల 28న రాష్ట్రంలో 18,000కు పైగా ప్రభుత్వ ఉద్యోగులు ఒక్కసారే ఇంటికి పోయారు. వాళ్లలో మా నాయన ఒకడు, అప్పటికి ఆయనకి 56. నాకు పదకొండేళ్లు. మార్చి 1 పొద్దున ఆయన అలవాటుగా చొక్కా ఇస్త్రీ చేసుకుని, తొడుక్కుని, మళ్లీ విప్పి దండెం మీద వేశాడు. సుప్రీంకోర్టు దాకా పోయిన కేసులో 1985లో ఆ తగ్గింపు చెల్లుతుందని తీర్పొచ్చింది. ఆలోపే, 1984లో, వయసు మళ్లీ 58కి మారింది. 2014లో 60 అయ్యింది. 2022లో 62 అయ్యింది. మా నాయన 56 ఏళ్లకి పనికి రాడన్న రాష్ట్రమే ఇప్పుడు 61 ఏళ్లవాడు పనికొస్తాడంటోంది. మనుషుల ఎముకలు మారలేదు, రాసినవాళ్ల నిర్ణయాలు మారాయి. వయసు అనేది ఒంట్లో ఉండే నిజమని, దానికి ఎవరూ ఏమీ చేయలేరని ఎవరన్నా అంటే నాకు ఆ దండెం మీది చొక్కా గుర్తొస్తుంది.

ప్రభుత్వ ఉద్యోగికి కనీసం ఒక అంకె ఉంది. ప్రైవేటులో అదీ లేదు. ఒంగోలు ట్రంకు రోడ్డు మీద బట్టల షాపుల అద్దాలకి ‘సేల్స్ గర్ల్స్ కావలెను, 18 నుంచి 30 లోపు’ అని అంటించి ఉంటుంది. అలా వయసు గీత పెట్టడం తప్పని చెప్పే చట్టం మన దేశంలో లేదు. రాజ్యాంగం 16వ అధికరణంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో వేటివల్ల వివక్ష చూపకూడదో రాసి ఉంది: మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం. వయసు లేదు. వైకల్యం కూడా లేదు, కానీ దానికి తర్వాత వేరే చట్టాలు వచ్చాయి. వయసుకి రాలేదు. అమెరికాలో 1967లోనే 40 దాటినవాళ్ల కోసం ఉద్యోగాల్లో వయసు వివక్షని నిషేధిస్తూ చట్టం చేశారు, 1990లో వైకల్యానికి చేశారు. అక్కడ అంతా బాగుందని నేననడం లేదు. అక్కడ తీసేసిన మనిషి ‘నా వయసు చూసి తీశారు’ అన్న మాట పట్టుకుని ఫిర్యాదు చేయడానికి ఒక గుమ్మం ఉంది. ఇక్కడ ఆ మాట పట్టుకుని పోవడానికి గుమ్మమే లేదు.

మనకున్నదాంట్లో పాతవాణ్ణి కాస్త కాపాడేది ఒక పాత నియమం: తీసేయాల్సి వస్తే ఒకే రకం పనిలో చివర చేరినవాణ్ణి ముందు తీయాలి. 1947 చట్టంలో అది 25జీ సెక్షన్. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ నియమం ఉంది. నేను సంతకం పెట్టేనాటికి మా షెడ్డులో ఏడాది, రెండేళ్ల ముందు చేరిన ఒడిశా పిల్లలు ముగ్గురు ఆపరేటర్లుగా ఉన్నారు. నన్ను తీసేసి ఉంటే ఈ ప్రశ్న వచ్చేది. రాజీనామా కాగితంతో రాకుండా పోయింది. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు. వాళ్ల చెవులు కూడా ఇప్పుడు ఆ షెడ్డులోనే ఉన్నాయి.

మా వైపు వయసునీ వైకల్యాన్నీ విడదీసి మాట్లాడటం కూడా కష్టమే. కనిగిరి వైపు ఊళ్లలో బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో అందరికీ తెలుసు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరాదు. అది దాటిన నీళ్లే తాగి పెరిగినవాళ్లు మా దగ్గర పాలిష్ లైనులో ఉండేవాళ్లు. నలభై అయిదేళ్లకి మెడ తిరగదు, మోకాలు మడత పడదు, కింద కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. అలాంటివాణ్ణి చూసి మేస్త్రీ ‘ముసలోడు’ అంటాడు. ఆధార్ కార్డులో నలభై అయిదే ఉంటుంది. అతన్ని తీసేసింది వయసు చూసా, వైకల్యం చూసా? నీళ్లని చూసి అని నేనంటాను. కానీ ఆ మాట మీద కేసు వేయడానికి ఏ సెక్షనూ లేదు.

వైకల్యానికి వచ్చిన చట్టం 2016ది. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. పాత చట్టంలో ఏడు రకాలుంటే ఇందులో 21 రకాల వైకల్యాలు చేర్చారు. పనిచేసే చోట తగిన సర్దుబాటు చేయాలని, చేయకపోవడం కూడా వివక్షేనని అందులో స్పష్టంగా రాశారు. ఇరవై మంది, ఆపైన ఉన్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానం ఒకటి రాసి అందరికీ కనపడేలా పెట్టాలి. మా ఫ్యాక్టరీలో వందమందికి పైనే ఉంటాం. గోడ మీద వెంకటేశ్వరస్వామి క్యాలెండరు, ‘భద్రతే ప్రథమం’ బోర్డు తప్ప నేనేమీ చూడలేదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, అదే జీతంతో వేరే పని ఇవ్వాలి అన్న గట్టి మాట మాత్రం ప్రభుత్వ సంస్థలకే రాశారు. ఇది ఈ చట్టంలో పెద్ద లోటు. గ్రానైటు షెడ్డుల్లో, రొయ్యల ప్లాంట్లలో, రైసుమిల్లుల్లో పనిచేసేవాళ్ల చేతులూ చెవులూ ప్రభుత్వ ఆఫీసుల్లో ఉన్నవాళ్ల కంటే ఎక్కువ పోతాయి. కాపాడే వాక్యం మాత్రం వాళ్ల గుమ్మం దాకా రాలేదు.

అయినా ఉన్నంతవరకైనా వాడుకుంటున్నామా అంటే లేదు. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్ కోసం నేను క్యాంపుకి పోయాను. 40 శాతానికి తక్కువ రాశారు. మా ఊరి సచివాలయంలో పిల్లాడు చూసి ‘40 లేదు మామా, పెన్షన్ రాదు’ అని కాగితం తిరిగిచ్చాడు. నేను అడిగింది పెన్షన్ కాదు. కానీ మా ఊళ్లో వైకల్యం అంటే నెలకి 6,000 వస్తుందా రాదా అన్నదే ప్రశ్న. సర్టిఫికెట్ల పునఃపరిశీలన నోటీసులొచ్చిన 2025లో కూడా వీధుల్లో మాటంతా పెన్షన్ గురించే నడిచింది. అది తప్పని నేననను, ఆ డబ్బుతోనే బతికేవాళ్లున్నారు. కానీ 40 శాతం అనేది పెన్షన్లకీ రిజర్వేషన్లకీ పెట్టిన గీత. వివక్ష చూపకూడదు, సర్దుబాటు చేయాలి అన్న మాటకి ఆ గీత లేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. రాసేటప్పుడు చెయ్యి పట్టేసే జబ్బున్న ఒక సివిల్స్ అభ్యర్థి, పరీక్షలో రాసిపెట్టే మనిషి కావాలని పోరాడిన కేసు అది. 40 శాతం లేదని అతనికి సర్దుబాటు నిరాకరించడం తప్పని తీర్పొచ్చింది. ఈ సంగతి సచివాలయంలో ఆ పిల్లాడికి తెలిసి ఉంటే నాకు చెప్పేవాడేమో. మన రాష్ట్రంలో విభిన్న ప్రతిభావంతులకీ వయోవృద్ధులకీ కలిపి ఒక శాఖ ఉంది. దాని పేరులో ‘సంక్షేమం’ అన్న మాట ఉంది. పని అన్న మాట లేదు.

మేనేజరు మాటలో నిజం లేదని నేననను. గ్యాంగ్‌సా దగ్గర చెవి కావాలి. బ్లేడు బిగువు తప్పితే ముందు శబ్దం మారుతుంది, తర్వాతే కంటికి కనపడుతుంది. నేనే ఎంతమంది పిల్లలకి ఆ తేడా నేర్పాను. వినపడనివాడు ఒంటరిగా రాత్రి షిఫ్టులో ఆ మిషన్ నడపకూడదని నేనే ఒప్పుకుంటాను. కానీ అక్కణ్ణుంచి ‘కాబట్టి ఇంటికి పో’ అన్నదాకా వచ్చేలోపు మధ్యలో ఎన్ని ప్రశ్నలున్నాయి! కరెంటు లోడు మారితే వెలిగే ఎర్రలైటు పెట్టొచ్చా? బ్లాకులు వచ్చినప్పుడు కొలతలు తీసే పని ఇవ్వొచ్చా? రాయి మీద పగులు ఎటు పోతుందో చూసి చెప్పడానికి చెవి అక్కర్లేదు, ఇరవై రెండేళ్ల కళ్లు చాలు. స్టోరులో కూర్చోబెట్టొచ్చా? పోనీ ఒక వినికిడి యంత్రం ఇప్పించి నెలరోజులు చూడొచ్చా? వీటిలో ఒక్కటి కూడా నన్ను అడగలేదు. అడిగిన తర్వాత కుదరదంటే అది వేరే సంగతి. అడగకుండా తేల్చేయడమే వివక్ష.

పంజాబ్‌లో ఒక అసిస్టెంట్ లైన్‌మన్‌కి ఉద్యోగంలో ఉండగా చూపు పోయింది. తన హక్కేమిటో తెలియక, నన్ను పంపించి నా భార్యకి పని ఇవ్వండని తనే కాగితం రాసిచ్చాడు. విద్యుత్ బోర్డు ఆ కాగితం పట్టుకుని పంపేసింది. 2008లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. హక్కు తెలియని మనిషి రాసిన కాగితాన్ని అడ్డం పెట్టుకోకూడదు, తెలియజేయాల్సింది యాజమాన్యమే అని చెప్పింది. అది ప్రభుత్వ సంస్థ కాబట్టి నా కేసుకి నేరుగా అతకదని మా వాడు ముందే చెప్పాడు. అయినా ఆ తీర్పు అతను తెలుగులో చదివి చెప్తుంటే, ఎవరో నా పక్కన ఆ ఆఫీసు గదిలో కూర్చున్నట్టు అనిపించింది.

సంతకం పెట్టిన తొమ్మిదో రోజున రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరం పంపాను. రాజీనామా నేను అడిగింది కాదని, ముందే టైపు చేసి ఉంచారని, వేరే పని ఇవ్వమని కోరుతున్నానని, లక్ష గ్రాట్యుటీలో భాగంగా తీసుకుంటున్నానని రాశాం. ఒక కాపీ లేబర్ ఆఫీసుకి. గ్రాట్యుటీకి విడిగా దరఖాస్తు. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 10 శాతం వడ్డీ. నోటీసు అందిన నాలుగు నెలలకి మిగతా డబ్బు వడ్డీతో సహా కట్టారు, మాట్లాడకుండా. అంటే ఆ బాకీ వాళ్లకి ముందునుంచీ తెలుసు. చప్పుడుతో పోయిన వినికిడి అప్పటి ఈఎస్ఐ చట్టం మూడో షెడ్యూలులో వృత్తి వ్యాధుల కింద ఉంది. ఆ దరఖాస్తు మెడికల్ బోర్డు దగ్గరుంది. ఉద్యోగం సంగతి రాజీలో తేలలేదు, ఇప్పుడు లేబర్ కోర్టులో నడుస్తోంది. వాయిదాకి పోయినప్పుడల్లా ముందు వరసలో కూర్చుంటాను, లేకపోతే ఏం చెప్తున్నారో తెలియదు.

కోర్టులో అందరూ అడిగేది ఒకటే: కాగితముందా? మాటతో చేసిన దయకి సాక్ష్యం లేదు. మాటతో పెట్టిన బాధకీ లేదు. జీతం చీటీలు, పాత ఈఎస్ఐ కార్డు, చెవి పరీక్ష గ్రాఫు, మేనేజరు ‘బాబాయ్ రేపటినుంచి రావద్దు’ అని పెట్టిన వాట్సాప్ మెసేజీ, ఇవే నా తరఫున మాట్లాడుతున్నాయి. ఆ మెసేజీని మా ఇంటావిడ ఆ రాత్రే ఫోటో తీసి దాచింది. రాజీనామా చేసినవాడికి ‘రావద్దు’ అని ఎందుకు పెడతారని వకీలు అడిగినప్పుడు అవతలివాళ్ల దగ్గర జవాబు లేదు.

పోయిన నెల రాత్రి తొమ్మిదింటప్పుడు పాలిష్ లైనులో నాతో పనిచేసిన మనిషి మా ఇంటికొచ్చాడు. యాభై రెండేళ్లు, చూపుడు వేలు సగం లేదు, ఇప్పుడు మోకాళ్లు కూడా సహకరించడం లేదు. జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి మంచం మీద పెట్టాడు. ‘అన్నా, పొద్దున్నే సంతకం పెట్టి తెమ్మన్నారు. నా మంచికే అంటన్నారు. ఎట్టా చేయమంటావు?’ అని గట్టిగా, నా కుడిచెవి వైపు వంగి అడిగాడు. అనారోగ్య కారణాల వల్ల, ఇష్టపూర్వకంగా. అవే మాటలు. తేదీ మాత్రం మార్చారు.

ఆ కాగితం పక్కన పెట్టి, మా అమ్మాయి నోటుబుక్కులోంచి ఒక తెల్ల కాగితం చింపి, ‘నేను పని మానదలుచుకోలేదు. కూర్చుని చేసే పని ఏదన్నా ఇప్పించగలరు’ అని మొదలుపెట్టి రాశాం. చదివి వినిపిస్తే, వేలు ఏ మిషన్‌లో పోయిందో అది కూడా రాయమన్నాడు. రాశాం. తెల్లారి తొమ్మిదిన్నరకి చీమకుర్తి పోస్టాఫీసులో స్పీడ్ పోస్టు చేయించి, రసీదు చొక్కా జేబులో పెట్టుకుని, పదింటి షిఫ్టుకి పోయాడు.